కొత్త బేసిను

“మీ వేళ్ళకి అంటిన నలుపు తప్ప ఇన్నేళ్ళలో మనకేం మిగిలిందో చెప్పండి!”

రహీమా అరుపుకి పక్కింటి కిటికీ తెరుచుకుంది. తెరుచుకుంటే తెరుచుకోనీ, ఈవేళ చిలకలపూడి అంతా విన్నా ఫరవాలేదనుకుంది. సోమవారంలోగా ఫీజు కట్టకపోతే గుడివాడ నర్సింగ్ కాలేజీలో కూతురు షిఫా సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. రోల్డ్‌గోల్డ్ నగలకి మెరుగు పెట్టే ఈ మహానుభావుడేమో తాపీగా టీ ఊదుకుంటున్నాడు.

“చూద్దాంలే” అన్నాడు లాల్.

“ఏం చూస్తారు? పిల్ల మూడో క్లాసులో ఉన్నప్పుడే చెప్పా, పక్కింటి హెప్సిబా వాళ్ళలాగా నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేద్దామని. విన్నారా?”

“ఫోన్‌లో కనిపించేది కూడా డబ్బేనా?”

“మరి చేతికి తగిలేది మీ దగ్గరేముందో చూపించండి!”

లాల్ మళ్ళీ టీ ఊదుకున్నాడు. అది చూసి రహీమాకి ఒళ్ళు మండిపోయింది.

పొద్దున్నా ఇంతే. ఫీజు మాటెత్తగానే చెప్పులేసుకుని పనికి వెళ్ళిపోయాడు. ఆ కోపంలోనే ఆమె ఇల్లంతా సర్దింది. రోజూ చీపురుకి అడ్డంపడే పాత రేకు డబ్బాని మంచం కింద నుంచి బరబరా ఈడ్చింది. దాన్నిండా రంగు పోయిన గాజులు, ఎవరూ కొనని పాత మోడళ్ళు. అప్పుడే ఎవరో కొత్త మనిషి స్టీలు సామాన్లంటూ మోపెడ్ మీద వచ్చాడు. డబ్బాతో సహా ఇచ్చేసి ఒక బేసిను తీసుకుంది. ఆయన పనితనానికి ఇన్నాళ్ళకి ఇంట్లో ఒక వస్తువు వచ్చిందని కసిగా నవ్వుకుంది కూడా.

ఇప్పుడు ఆ బేసినులోనే బియ్యం పోసి కసాబిసా కడుగుతోంది.

“షిఫా, వినవే! మీ అబ్బా దగ్గర చిల్లిగవ్వ లేదు. సీటు మీద ఆశ వదిలెయ్. రేపట్నుంచి నువ్వూ గాజులకి రాళ్ళు అతికిద్దువుగాని!”

లోపలి గదిలోంచి షిఫా ఏడుపు వినపడింది. లాల్ టీ గ్లాసు గోడకేసి కొట్టాడు.

“నోర్ముయ్! నా కూతురు రాళ్ళు అతికిస్తుందా? ఇన్నేళ్ళూ నీ తిట్లన్నీ ఎందుకు పడ్డానో తెలుసా? చెప్పానంటే మీ తమ్ముడు షోయబ్ వచ్చి నాలుగు కన్నీటిబొట్లు రాల్చగానే తీసి వాడి చేతిలో పెడతావని!”

“ఏంటి పెట్టేది? ఏముందని ఈ ఇంట్లో?”

లాల్ విసురుగా లేచాడు. అంత కోపంలోనూ ముఖంలో గర్వం దాగడం లేదు. మోకాళ్ళ మీద వంగి మంచం కిందికి చెయ్యి పోనిచ్చాడు.

“చీటీ పాడినప్పుడల్లా ఒక్కో గాజు చేయించా, మేలిమి బంగారం. రోల్డ్‌గోల్డ్ పనివాడింట్లో, రంగు పోయిన గాజుల మధ్యలో పడేస్తే ఏ దొంగ వెతుకుతాడు?” అంటూ అటూ ఇటూ తడిమి తలెత్తాడు. “రహీమా, ఇక్కడ రేకు డబ్బా ఉండాలి, ఎటు జరిపావు?”