వచ్చిన పని

"ఫీఫీని అమ్మితే ఇక మన గోల్ ముందు మేకలు కాసుకోవాల్సిందే!" అంటూ బల్ల గుద్దాడు టాక్సీ నడిపే బెంట్‌సిల్.

బల్ల మీది కెంకీ, అంటే ఉడికించిన మొక్కజొన్న ముద్ద పొట్లం ఎగిరి నేలమీద పడింది. ఎవరూ చూడలేదు.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఒక పెద్దావిడ వంగి దాన్ని తీసి, ఇసుక దులిపి, బల్ల మీద పెట్టింది. ఆవిడనూ ఎవరూ చూడలేదు.

అది, అక్రాకు పడమటి తీరంలోని షామా ఊళ్లో, షామా యాంకర్స్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల సంఘం. ఆదివారం చర్చి వదిలాక, పడవల ఇంజన్లు బాగుచేసే ఎకో క్వాయికో షెడ్డులో చేరుతుంది. సంఘానికి అధ్యక్షుడూ ఎకోయే.

జోహానెస్‌బర్గ్ క్లబ్బు ఒకటి షామా డిఫెండర్ ఫీఫీ అకాన్‌ను అమ్మమని అడుగుతోంది. బదులుగా డబ్బూ, ఇద్దరు యువ డిఫెండర్లూ ఇస్తానంటోంది. పాత డిఫెన్స్ కోచ్ అప్పటికే వెళ్లిపోయాడు. కొత్త కోచ్‌గా ఎవరు కావాలో సంఘం సాయంత్రంలోగా షామా క్లబ్బుకు చెప్పాలి.

లీగులో మిగిలినవి ఐదు ఆటలు. డిఫెన్స్ కూలితే షామా పై లీగు నుంచి జారిపోతుంది. అక్కడికి ఎక్కటానికి ఆ ఊరికి పంతొమ్మిదేళ్లు పట్టింది.

"మనం కొట్టిన గోల్స్ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, నిజమే," అన్నాడు ఎకో లేచి. "కానీ మనకు పడినవి కూడా వేళ్ల మీదే లెక్కపెట్టొచ్చు! ఈ తీరంలో ఇంకే జట్టునైనా ఆ మాట అనమనండి."

చప్పట్లతో రేకులు అదిరాయి.

"అందుకే అక్రా నగరం కోచ్‌ని తెద్దామంటున్నా," అన్నాడు బెంట్‌సిల్. "యూరప్ సర్టిఫికెట్ ఉంది. ఒక్కో ఫార్వర్డ్ వెనకాల ఒక్కొక్కడు పరుగెత్తడం మానేసి, నలుగురూ గీత కట్టి నిలబడాలంటాడు."

"గీత కట్టి నిలబడ్డానికి అదేమన్నా బళ్లో ప్రార్థనా?" అన్నాడు కార్యదర్శి అంపియా.

అందరూ నవ్వారు.

"గీత కట్టొచ్చు," అన్నది గుమ్మం దగ్గరి ఆవిడ. "ఫీఫీ ఉన్నన్నాళ్లే. ఆ అబ్బాయి పరుగుతో ఆపడు నాయనా, బంతి రాకముందే అక్కడ ఉంటాడు. ఇప్పుడొచ్చే ఇద్దరిదీ పరుగే. వాళ్లతో గీత కడితే, వెనకంతా ఖాళీ."

తలలు గుమ్మం వైపు తిరిగాయి.

"మామ్మా, ఇది చేపల బేరం కాదు," అన్నాడు బెంట్‌సిల్. "కొంపదీసి పొరుగూరు సెకండి జట్టు వాళ్లు పంపిన గూఢచారివా?"

"సెకండికి నేనింకా పోలేదు నాయనా."

మళ్లీ నవ్వులు.

ఆవిడ చెప్పింది సరైనదేనని ఎకోకు తోచింది. తోచినందుకే ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా ఆట చూస్తున్న తనకు ఆ ముక్క తట్టలేదు.

గడప దాటి వచ్చిన మనిషిని ఆ ఊళ్లో ముందు కూర్చోబెట్టి నీళ్లిస్తారు. తాగాక పెద్దవాడు, "ఏం పని మీద వచ్చారు?" అని అడుగుతాడు. అడిగితే తప్ప వచ్చినవారు పని చెప్పరు. అడగని చోట చెప్పుకోవటం తమను తాము చులకన చేసుకోవటమే. తన షెడ్డులో ఆ మర్యాద ఏనాడూ తప్పలేదని ఎకో నలుగురిలో చెప్పుకునేవాడు.

ఆ మధ్యాహ్నం ఆలస్యంగా వచ్చిన మగవాళ్లు నలుగురు. నలుగురికీ నీళ్లందాయి.

ఆవిడకు అంపియా ఇచ్చి ఉంటాడని ఎకో అనుకున్నాడు. ఎకో ఇచ్చి ఉంటాడని అంపియా అనుకున్నాడు. బెంట్‌సిల్ ఏమీ అనుకోలేదు.

అక్రా కోచ్ కోసం చేతులు లేచాయి. ఎకో చెయ్యి కూడా లేచింది.

గంటన్నరగా నిలబడి ఉన్న ఆవిడ ఆ చేతులన్నిటినీ ఒకసారి చూసి, భుజం మీది గుడ్డ సవరించుకున్నది.

"వెళ్లొస్తాను. మాట్లాడుకోండి."

నడుము నిటారుగా, తొందర లేకుండా నడిచి వెళ్లింది.

ఫీఫీ అమ్మకం ఖాయమైంది. తరవాతి శనివారం అతను లేకుండా షామా ఆడింది. నాలుగు గోల్స్ పడ్డాయి. నాలుగూ గీత వెనకనుంచే.

ఆదివారం ఫీఫీ సెలవు తీసుకోవటానికి షెడ్డుకు వచ్చాడు. కూర్చున్నాడు, ఇచ్చిన నీళ్లు తాగాడు.

"ఎకో బాబాయ్, పోయిన వారం మేడమ్ అబా గారిని మీ దగ్గరికి పంపాను కదా. ఆవిడ చెప్పింది మీకు నచ్చలేదా?"

"గుమ్మం దగ్గర నిలబడ్డ మామ్మేనా?" అన్నాడు అంపియా నెమ్మదిగా.

"ఆవిడ ఏ పనీ చెప్పలేదయ్యా," అన్నాడు ఎకో.

"మీరు అడిగారా?"

ఎకో చేతిలోని పానా కిందపెట్టాడు.

బెంట్‌సిల్ టాక్సీ తాళాలు తీసుకుని లేచాడు. "ఇల్లెక్కడో చెప్పు ఫీఫీ. ఇప్పుడే తీసుకొస్తా. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా."

"సెకండి జట్టు పిలిచింది. గురువారం ఆవిడ సంతకం చేశారు. ఒకసారి మాటిస్తే ఆవిడ తప్పరు."

"ఇంతకీ ఎవరయ్యా ఆవిడ?" అన్నాడు ఎకో.

ఫీఫీ లేచి నిలబడ్డాడు. గురువు పేరు కూర్చుని చెప్పటం అతనికి అలవాటు లేదు.

"నా పన్నెండేళ్ల వయసులో కేప్‌కోస్ట్ ఇసుకలో నన్ను నిలబెట్టి, బంతికన్నా ముందే చేరటం నేర్పిన మనిషి బాబాయ్, 'ఈ ఊళ్లోనే పుట్టాను, పుట్టిన ఊరి జట్టు జారిపోకూడదు, ఈ ఐదు ఆటలకూ జీతం లేకుండా డిఫెన్స్‌ని నేను నిలబెడతాను' అని మీతో చెప్పటానికి వచ్చినావిడ."