పాఠం కోసం పడిగాపులు

"కెమెరా అక్కడే ఎందుకు పెట్టావు నాయనా?"

వెనక నుంచి మళ్లీ అదే గొంతు. కెమెరామన్ పళ్లు నూరాడు.

"వచ్చేసిందండీ మన ప్రశ్నలమ్మ!" అన్నాడు దర్శకురాలితో మెల్లగా.

గంట, గదులు లేని ఆ అడవి బడి మీద సినిమా తీయడానికి వాళ్లు కొండెక్కి వారం దాటింది. వానకు తడిశారు. జలగలకు రక్తం పోశారు. అన్నీ తీశారు, ఒక్క పాఠం తప్ప.

పిల్లలేమో చెట్లెక్కుతారు, వాగులో రాళ్లు పేరుస్తారు. నేర్పే మనిషే కనిపించదు.

బడి పెద్దాయన్ని అడిగితే, "పంతులమ్మ ఉందిగా తల్లీ. పాఠం రోజూ జరుగుతూనే ఉంది, చూసుకోండి," అని నవ్వేవాడు.

"పాఠం తీయందే కొండ దిగేది లేదు," అంది దర్శకురాలు. ఆమెది ఉడుంపట్టు.

ప్రశ్నలమ్మ రోజూలాగే పక్కనున్న మోడు మీద కుదురుగా కూర్చుంది.

"పొద్దుట్నుంచీ ఆ చెట్టునే తీస్తున్నావు. దాని మొదట్లో ఏముందో చూశావా?"

"ఏముంటుందండీ, మట్టి!" విసుగ్గా కెమెరా కిందికి దించాడు.

మట్టిలో చీమలబారు ఒక సీతాకోకచిలుక రెక్కను తెరచాపలా ఎత్తుకుపోతోంది. అతను కన్ను తీయలేదు.

"ఎటు పోతున్నాయంటావు?"

అతను వాటి వెంటే పాక్కుంటూ పోయాడు. తీయాల్సినవి తీయకుండానే వెలుగు తగ్గిపోయింది. దర్శకురాలికి ఒళ్లు మండింది.

"పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతాను. మేం పాఠం కోసం పడిగాపులు కాస్తున్నాం. మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి!"

ఆమె నొచ్చుకోలేదు.

"పాఠం ఎలా ఉంటుందనుకుంటున్నావమ్మా?" అని మాత్రం అడిగి, లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఇక రాలేదు. కెమెరా ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు కూడా.

చివరికి దర్శకురాలు వాగు దగ్గర ఒక పిల్ల చెయ్యి పట్టుకుంది.

"మీ పంతులమ్మను చూపించు బంగారం. ఇవాళ నిన్ను వదిలేది లేదు."

"మొన్ననే వెళ్లిపోయింది కదక్కా! కొండ అవతల కొత్త బడి పెడుతున్నారు. ఇక అక్కడే ఉంటుంది."

"అయ్యో! ఆవిడ పాఠం చెబుతుంటే ఒక్కసారైనా చూడలేదే!"

పిల్ల ఆమెను వింతగా చూసింది.

"అదేంటక్కా! ఆవిడ మోడు మీద కూర్చుని రోజూ మీకే పాఠం చెబుతుంటే, మధ్యలో వస్తే మీ చదువు చెడుతుందనే కదా మేం అటు రాలేదు!"