ఒక్క లోపం

“బ్రేకులు బాగానే ఉన్నాయమ్మాయ్,” అన్నాడు మెకానిక్ బాబాయ్.

ఆమె ముఖం మాడిపోయింది.

షెడ్డు యజమాని అది చూసి నవ్వాడు. “పాత బండ్లు అమ్మీ అమ్మీ జుట్టు నెరిసింది నాకు. బండి బాగుందంటే ఏడుపు ముఖం పెట్టే బేరాన్ని ఇప్పుడే చూస్తున్నా!”

అది రెండు సీట్లు పక్కపక్కనే ఉండే కొండ బండి. లావుపాటి టైర్లు, చుట్టూ ఇనుప గొట్టాల పంజరం. మొన్నటిదాకా కొండ మీద పండ్లతోటలో బుట్టలు మోసింది. నెల కిందట, పని ముగించుకుని ఆమే, ఆమె తమ్ముడూ అందులో దిగివస్తుంటే, మలుపులో అదుపు తప్పింది. తోట కాపలాదారును గుద్ది కాలువలో బోల్తా పడింది. ఆ పెద్దాయన బతకలేదు. బండి నడిపింది తానేనని తమ్ముడు నేరం ఒప్పుకుని సంతకం పెట్టాడు. పోలీసులు బండిని వదలగానే, తోట యజమాని దాని మొహం చూడనంటూ అయినకాడికి ఈ షెడ్డుకు వదిలించుకున్నాడు.

రేపే విచారణ. “బండిలో ఒక్క లోపం చూపించమ్మా. మీ తమ్ముణ్ణి బయటికి తెచ్చే పూచీ నాది,” అన్నాడు వకీలు. ఆ రేపటికే బండిని ఇంకెవరో కొనుక్కుపోతున్నారని తెలిసింది. చంటిపాపను పక్కింటావిడ ఒళ్లో పెట్టి, కొనేదానిలా వచ్చి నిలబడింది.

“బెల్టు చూడు బాబాయ్. తెగి ఉంటుంది.”

అతను మూత విప్పి బెల్టు వాసన చూశాడు. “కాలిన కంపు లేదు. పగుళ్లూ లేవు.”

“గొట్టాలు? విరిగితే అతుకేసి, పైన రంగు పూస్తారన్నావుగా?”

అతను పానాతో పంజరమంతా తట్టుకుంటూ వచ్చాడు. ప్రతి గొట్టమూ గంటలా మోగింది. జాకీ పెట్టి చక్రాలు ఒక్కొక్కటే పట్టి ఊపాడు. ఒక్కటీ వదులు లేదు. ఇంజను ఆయిలు వేలికి రాసుకుని వెలుతురులో చూశాడు. నీళ్లు కలిస్తే పాలు పోసిన కాఫీలా ఉంటుందట. ఇది తేనెలా ఉంది.

ఆమె నేల మీద బోర్లా పడుకుని బండి కిందకు తల దూర్చింది. “బాబాయ్! ఇదిగో! చక్రం దగ్గర రబ్బరు తొడుగు చిరిగిపోయింది!”

అతను వంగి చూశాడు. 

“ఇది క్రేను గొలుసు కోసిన కోతమ్మా. లోపల గ్రీజు ఉన్నది ఉన్నట్టే ఉంది. బండిని పైకి లాగినప్పుడు చిరిగింది. అంతకు ముందుది కాదు.”

ఫోను మోగడంతో షెడ్డు యజమాని బయటికి వెళ్లాడు. ఆమె బాబాయ్ మోచెయ్యి పట్టుకుంది.

“ఏదో ఒకటి రాసివ్వు. బ్రేకు పడలేదని రాయి. నిజంగానే పడలేదు బాబాయ్!”

“నీకెలా తెలుసు?”

ఆమె తడబడింది. “తమ్ముడు... తమ్ముడు చెప్పాడు.”

“నా మాట నమ్మి జనం ముప్పై ఏళ్లుగా బండ్లెక్కుతున్నారు. లేని లోపం రాయలేనమ్మా. మీ తమ్ముడంటే నాకూ ప్రాణమే. కానీ ఈ చెయ్యి రాయదు.”

ఆమె చెయ్యి వదిలేసింది. నిన్న జైల్లో చూసిన తమ్ముడు గుర్తొచ్చాడు. తాడిచెట్టంత మనిషి, ఆ గది గుమ్మంలోంచి నడుం దాకా వంగి వచ్చాడు. “నా గురించి ఏడవకే అక్కా. పాపకు పాలవేళయింది, ఇంటికెళ్లు. నువ్వు నోరు మెదపకు, అంతే చాలు,” అన్నాడు. నెల రోజుల్లో చెంపలు పీక్కుపోయాయి.

“ఇంకేం మిగిలింది బాబాయ్?”

“ఆఖర్న ఎక్కి కూర్చుని చూస్తా. అది నా పద్ధతి.”

అతను డ్రైవరు సీట్లోకి ఎక్కబోయాడు. మోకాళ్లు స్టీరింగుకు తగిలి ఇరుక్కున్నాయి. “అబ్బా!” అంటూ సీటు వెనక్కి జరపడానికి కింద ఉన్న కొక్కెం లాగాడు. కదల్లేదు. రెండు చేతులా లాగాడు. దిగి, టార్చి వేసి సీటు కిందకు చూశాడు.

“దొరికిందమ్మాయ్, నీ లోపం!”

ఆమె పరుగున వచ్చి అతని పక్కన వంగింది.

“సీటు జరగట్లేదు. పైపైన కడిగి మెరిపించారు గానీ, కింద పట్టాల్లో కాలువ బురద రాయిలా గట్టిపడింది. బోల్తా పడ్డ రోజు ఎక్కడుందో అక్కడే బిగుసుకుపోయింది.”

అప్పుడే లోపలికొచ్చిన షెడ్డు యజమాని తన పొట్ట నిమురుకున్నాడు. “బండి లారీ మీద వచ్చింది సామీ. ఈ బానపొట్టతో నేనెక్కడ ఎక్కి చూస్తాను? అదీ ఒక లోపమేనా?”

“లోపమేం కాదులే. నీళ్లు కొట్టి కాస్త నూనె వేస్తే గంటలో జరుగుతుంది,” అన్నాడు బాబాయ్. ఆమె వైపు తిరిగాడు. “ఏమంటావమ్మా? కడిగేయనా?”

 గోడవారగా నీళ్ల గొట్టం చుట్ట చుట్టి ఉంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

“వద్దు బాబాయ్,” అంది చివరికి. “చెయ్యి పెట్టొద్దు. ఉన్నది ఉన్నట్టు రాసివ్వు.”

అతను జేబులోంచి కాగితం తీశాడు.

“నేనూ నడుపుతాలేరా” అంటూ నెల కిందట తన పొట్టి కాళ్లకు అందేలా తానే ముందుకు జరుపుకున్న ఆ సీట్లోకి ఆమె ఎక్కి కూర్చుంది.