అలిగి వెళ్ళడానికో ఇల్లు

ముందే చెబుతున్నాను, ఈ కథలో ఆవగింజంత అబద్ధం లేదు.

పోస్టుమాన్‌కు తెలియని గుమ్మం లేదని చుట్టుపక్కల పేరు. తలుపు మీద అంకె చెరిగిపోయినా, ఇంటివాడు అప్పులవాళ్ళకు జడిసి పేరే మార్చుకున్నా, ఉత్తరం మాత్రం చేరాల్సిన చేతికే చేరేది.

అలాంటివాడు రిటైరయ్యాక, కోసేసిన జొన్నచేలో దిక్కులు చూస్తూ నిలబడ్డాడు.

వెతుకుతున్నది భార్య పుట్టిల్లు. ఆమె చిన్నతనంలోనే ఏరు పొంగి ఆ ఇంటిని ఊడ్చుకుపోయింది.

"అలిగి వెళ్ళడానికో ఇల్లు లేకపోయింది నాకు. అదీ మీ అదృష్టం," అనేది ఆమె, పోట్లాట వచ్చినప్పుడల్లా.

"రిటైరవనీ, నేనే తీసుకెళ్ళి దింపుతాను."

తీరా వస్తే దింపడానికి చోటు దొరకడం లేదు.

"ఇదిగో, ఇదే వాకిలి."

"ఇందాక అక్కడన్నారు."

"ఏరు జరిగిందే."

"జరుగుతున్నది మీరు. ఏరు అక్కడే ఉంది."

గట్టు మీద గడ్డి కోస్తున్న ముసలాయన కొడవలి పక్కన పెట్టి లేచాడు.

"ఎవరిల్లు బాబూ?"

పోస్టుమాన్ పుట్టి బుద్ధెరిగాక ఒకరిని దారి అడిగినవాడు కాదు.

ఆమే తండ్రి పేరు చెప్పింది.

ముసలాయన ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, తల దించుకుని చేలోకి నడిచాడు. మడమతో నేల మీద గీత గీశాడు.

"ఇది గుమ్మం. కుడిపక్క వంటిల్లు. పొయ్యి ఈ మూల. మీ నాన్నగారి మంచం ఇక్కడ, తల అటు."

ఆమె చెప్పులు విడిచి, లేని గడప దాటి లోపలికి వెళ్ళింది.

"ఇక్కడ నిలబడితే ఏరు కనిపించేదండీ," అంది. కనిపించింది. నవ్వింది.

ఇన్నేళ్ళ కాపురంలో అలాంటి నవ్వు పోస్టుమాన్ చేతుల మీదుగా ఒక్కసారీ బట్వాడా కాలేదు. ఆయన కడుపులో ఎవరో కుంపటి రాజేశారు.

"ఇదీ గాదె. దీని వెనకే అమ్మాయిగారు పడుకున్నది."

కుంపటి భగ్గుమంది.

"మా ఆవిడ ఎక్కడ పడుకుందో నీకెలా తెలుసయ్యా?"

ముసలాయన గట్టు వైపు తిరిగాడు.

"చుట్టానివా? పాలేరువా? పక్కింటివాడివా?"

"ఏదీ కాదు బాబూ."

"అయితే చూపించింది చాలు. మిగతా గదులు మేం కట్టుకుంటాంలే. వెళ్ళు."

ముసలాయన గడ్డిమోపు నెత్తికెత్తుకుని గట్టెక్కాడు.

"ఎవడు వాడు?" అన్నాడు పోస్టుమాన్. "పెళ్ళికి ముందు ఇంత పరిచయం ఉన్నట్టు ఒక్క ముక్కయినా చెప్పావా?"

"ఇల్లు పోయేనాటికి నాకింకా పాలపళ్ళు ఊడుతున్నాయండీ."

అసూయకు లెక్కలు రావు. "గాదె సంగతి చెప్పు," అన్నాడు.

ఆమె గాదె చూపించిన చోటికి నడిచింది.

"నేనెప్పుడూ అమ్మ పక్కలోనే పడుకునేదాన్ని," అంది నెమ్మదిగా. "గాదె వెనక పడుకున్నది ఒక్కసారే. అమ్మ మీద అలిగి, చెప్పకుండా దూరాను. ఆ రాత్రే ఏరొచ్చింది."

"ఊఁ."

"నేను నాన్న చంకలో ఉన్నాననుకుంది అమ్మ. అమ్మ దగ్గరున్నాననుకున్నాడు నాన్న. చీకట్లో ఎవరో నన్ను రెక్క పట్టి లాగి, భుజాన వేసుకుని, మెరక మీద దింపి పోయారు. ఎవరో ఎవరికీ తెలియలేదు."

"దారినపోయేవాడెవడో అయుంటాడు."

"గాదె వెనక దారేముందండీ? తెల్లారి చూస్తే ఆ గోడ ఒక్కటే మిగిలింది. దానికి మనిషి దూరేంత కన్నం."

"ఏరు తవ్విందేమో."

"ఏరు గునపంతో తవ్వదు కదా."

పోస్టుమాన్ గట్టు వైపు చూశాడు. గడ్డిమోపు మలుపు తిరుగుతోంది.

"అయ్యా, ఆగండి," అని గొంతెత్తి పిలిచాడు. మోపు ఆగలేదు.

ఈ పిలుపొక్కటే నేను అతికించింది. నిజానికి ఆయన పిలవలేదు. తన భార్యను తనకంటే ముందు భుజాన మోసి, తనకోసం ఒడ్డుకు చేర్చిపోయిన ఆ దొంగ మీద కుళ్ళు ఆయనకింకా తీరలేదు.