అమ్మకు రాని భాష

మాణిక్యమ్మ మతిమరుపు ముదిరి, కూతురు ప్రవల్లిక పేరు కూడా మరిచిపోయింది. అందుకే ప్రవల్లిక ఆమెను రోజూ ఆసుపత్రికి తీసుకెళ్లి, మెదడుకు అయస్కాంత తరంగాల చికిత్స చేయిస్తోంది. ఆ యంత్రం తల పక్కన టకటకమంటూ ఉంటుంది.

ఆ రాత్రి ఢిల్లీ ఆర్.కె. పురంలోని వాళ్ల క్వార్టర్‌లో అదే చప్పుడుకు ప్రవల్లికకు మెలకువ వచ్చింది. పక్క గదిలో అమ్మ చీకట్లో కూర్చుని, నాలుకతో టకటకలాడిస్తోంది. కూతుర్ని చూసి ఆపింది.

"ప్రవల్లికా!"

ప్రవల్లికకు ఏడుపు ఆగలేదు. "హా మమ్మీ, మై హూ!"

"ఆవో బేటీ, బైఠో."

మంచం మీద కూర్చున్నాక గానీ అమ్మ పిలిచింది హిందీలో అని ప్రవల్లికకు తట్టలేదు. ఇన్నేళ్లు ఢిల్లీలో ఉన్నా అమ్మకు "ఠీక్ హై" తప్ప హిందీ ముక్క రాదు. తను హిందీలో జవాబిస్తే, "తెలుగులో ఏడవ్వే!" అని కసిరేది.

"అమ్మా, తెలుగులో మాట్లాడు," అంది వచ్చీరాని తెలుగులో. "ఒక్క మాట. తిట్టినా పర్లేదు."

చీకట్లో ఒక చెయ్యి ఆమె తల నిమిరింది.

"ధీరే బోలో, బేటీ. తుమ్హారీ మా అభీ సోయీ హై," అంది అమ్మ గొంతు.

మెల్లగా మాట్లాడాలట. ప్రవల్లిక వాళ్లమ్మకు ఇప్పుడే నిద్ర పట్టిందట.