ఆఖరి ముద్ద

హైమ చేయాల్సిన పనులు ఫ్రిజ్ మీద అంటించుకుంది: దోసెల పిండి పులవకముందే వాడేయాలి, పుట్టగొడుగుల డబ్బాకు తాళం వేయాలి, బఠాణీలు అత్తగారి కంట పడనివ్వకూడదు, పొద్దున్నే ఆవిడ నాలుక మీద మీటరు పెట్టాలి.

క్యాన్సర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ అప్పటికి ఆ మీటరు వచ్చేసింది. పుట్టగొడుగులు, బఠాణీలు, పులిసిన పిండి లాంటివి తింటే వాటిలోని పాలీఅమైన్లు చెడ్డ కణాలకు ప్రాణం పోసేవి, వాటి ఒంటి మీది విద్యుదావేశాన్ని మార్చేసేవి. మీటరు ఇట్టే పసిగట్టి ఎర్రబడేది. శుక్రవారానికి పచ్చదీపం వెలగకపోతే అత్తగారు మంగతాయారుకు మందు నెల వాయిదా.

మంగళవారం కూడా ఎర్రదీపమే.

"ఏం తిన్నారత్తయ్యా?"

"నీ చప్పిడి జావేనే తల్లీ! మీటరుకే చాదస్తం."

మధ్యాహ్నం హైమ తలుపు చాటున నిలబడింది. మామగారు నరసింగరావు తన కోసం వండిన పుట్టగొడుగుల కూర కలుపుకుని తిని, ఆఖరి ముద్ద కంచంలో వదిలి లేచారు. అత్తగారు దాన్ని కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు.

"అత్తయ్యా!"

"ఇది తినడం కాదే, ప్రసాదం. యాభై ఏళ్ల ఆనవాయితీ."

"ఆ సంగతి మీటరుకు తెలీదుగా!"

నరసింగరావు ముఖం పాలిపోయింది. "అయితే నాకూ ఆ జావే పొయ్యమ్మా," అన్నారు. ఒక గుక్క తాగి, "పోస్టర్లు అంటించుకోడానికి పనికొస్తుంది," అని గొణిగి, మిగతాది తాగి, అడుగున కాస్త భార్యకు వదిలారు.

శుక్రవారం పచ్చదీపం వెలిగింది.

ఆస్పత్రి కాగితాల్లో పథ్యం చేసినట్టు మంగతాయారు పేరే ఉంటుంది. మీ ఇంట పుట్టగొడుగుల కూర వండిన రోజు, మళ్లీ దాని జోలికి పోని నరసింగరావుగారిని ఒక్కసారి తలుచుకోండి.