రాయని చావు

"నీ కొడుకు సచ్చిండని నేను రాయ. బతికున్నోన్ని సంపుమంటవా?"

పట్వారి అనంతయ్య దరఖాస్తును బల్ల మీదికి విసిరాడు. అది జారి కింద పడింది. ఎంకమ్మ వంగి తీసుకుంది. గొంగడి అంచుతో దుమ్ము తుడిచి మళ్లీ గుమాస్తా ముందు పెట్టింది.

తాండూరు తాలూకా కచేరిలో గుమాస్తా మత్తయ్యకు ఆమె కనబడటం ఈ వారంలో ఇది నాలుగోసారి. దిక్కులేని ముసలివాళ్లకు సర్కారు కొత్తగా పింఛను పెట్టింది. కొడుకు ఉన్నవాళ్లకు రాదు. లేడని ఊరి పట్వారి రాసివ్వాలి. ఆ ఒక్క ముక్క కోసం ఆమె పెద్దేముల్ అవతలి నుంచి నడిచి వస్తోంది. ఇవాళ పట్వారి వేరే పని మీద కచేరికి వస్తే మత్తయ్యే ఆపి కూర్చోబెట్టాడు.

"ఈమె కొడుకు ఎక్కడున్నాడు?"

"భీమప్పనా? షోలాపూర్ల, మిల్లుల ఉన్నడట సార్. మస్తు సంపాయిస్తుండట. కన్నతల్లిని వాడు ఇడిసిపెడితే సర్కారేం జేస్తది?"

"షోలాపూర్లనా!" ఎంకమ్మ నవ్వింది. ఆ నవ్వు చూడలేక మత్తయ్య తల దించుకున్నాడు.

"పన్నెండేండ్ల కింద రజాకార్ల గడబిడల గొర్లు తోలుకపోయినోడు గొంగట్ల మూటయ్యి వచ్చిండు సారూ. ఎవని తుపాకో ఎరుకలేదు. ఊర్ల తక్కిన మొగోళ్లంతా గుట్టలల్ల దాసుకున్నరు. గుంత నేనే తవ్విన. పట్వారీ, గా గుంత కాడ నిలవడి 'జల్ది కానియ్యే' అన్నది నువ్వు గాదా?"

"ముసల్దానికి మతి చెడింది సార్."

మత్తయ్యకు ఒళ్లు మండింది. పోయిన నెల బీరయ్య అనే ముసలాయన ఇలాగే ఒక సంతకం కోసం తిరిగి తిరిగి, కచేరి మెట్ల మీదే కూలబడి చనిపోయాడు. అతని దరఖాస్తు ఇంకా ఈ బల్ల సొరుగులోనే ఉంది. పారేయడానికి మత్తయ్యకు చేతులు రాలేదు.

"భూమి ఏమైనా ఉందా ఈమెకు?" కోపం అణుచుకుని అడిగాడు.

"ఉన్న ఒక్క చేను ఎన్నడో అమ్ముకున్నరు సార్. కొడుకు బతికుండంగ గది గూడ ఎందుకు రాసుడు?"

ఎంకమ్మ గొంగడి భుజం మీదికి లాక్కుంది.

"అయితే షోలాపూర్ చిరునామా చెప్పండి. ఇప్పుడే ఉత్తరం రాస్తాను."

"నాకెట్ల ఎరుక సార్?"

"పోనీ, మిల్లు పేరు?"

పట్వారి కిటికీలోంచి బయటకు చూశాడు.

"సరే. రేపు తహసీల్దారు గారిని తీసుకుని మీ ఊరికి వస్తాను. పదిమందిని కూర్చోబెట్టి పంచనామా చేద్దాం. భీమప్ప ఉన్నాడా, పోయాడా, పోతే ఎప్పుడు పోయాడు, వెనక ఏం మిగిల్చాడు, అన్నీ రాద్దాం."

పట్వారి కాలు మీది కాలు కిందికి దిగింది.

"గింత దానికి తహసీల్దారు సాబ్‌కు తక్లీఫ్ ఎందుకు సార్? పాపం, దిక్కులేని ముసల్ది. గిటియ్యుండ్రి, రాస్త."

గబగబా రెండు వరుసలు రాసి కాగితం తోశాడు. మత్తయ్య పైకి చదివాడు. "చెన్నయ్య, ఎంకమ్మల కొడుకు భీమప్ప పోయిన సంవత్సరం మరణించాడు. ఎంకమ్మకు వేరే ఆధారం లేదు."

"పోయినేడు గాదు," అంది ఎంకమ్మ.

"ఏ ఏడైతేందే? నీకు పింఛనొస్తే సాలదా?"

"సాలదు. నువ్వు పోయినేడు మన్నేసినవా వాన్ని? రజాకార్ల ఏడు రాయి. సర్కారు మారిన నెల."

"అంటే నలభై ఎనిమిది, సెప్టెంబరు," అన్నాడు మత్తయ్య. "కొట్టేసి అదే రాయండి."

"కొట్టివేతలుంటే పైనోళ్లు ఒప్పుకోరు సార్..."

"వేరే కాగితం ఇస్తాను. లేదంటే పంచనామాకే వద్దామా?"

పట్వారి కలం గాలిలో ఆగిపోయింది. అతని చూపు గోడ వారనున్న పింఛన్ల బీరువా మీదికి పోయింది. అందులో తాడుతో బిగించిన కట్టలు, కట్టల మీద దుమ్ము. లోపలికి పోయిన కాగితాన్ని మళ్లీ ఎవరూ విప్పరని కచేరి గడప తొక్కిన ప్రతివాడికీ తెలుసు. పట్వారి కొత్త కాగితం మీద మొదటి నుంచి రాశాడు. సంతకం పెట్టాడు. మత్తయ్య దాని మీద కచేరి మొహరు గట్టిగా గుద్దాడు. బీరయ్య కోసం కూడా కలిపి గుద్దినట్టు గుద్దాడు.

"అవ్వా, నీ పని అయింది. ఇక్కడ వేలిముద్ర వెయ్యి. వచ్చే నెల నుంచి పింఛను వస్తుంది."

ఎంకమ్మ వేలు చాచలేదు.

"ఇంకోసారి సదువు సారూ."

మత్తయ్య చదివాడు. నలభై ఎనిమిది అన్నచోట ఆమె కళ్లు మూసుకుని తెరిచింది.

"గిది పట్వారి చేతిరాతేనా? రేపు ఎవలన్న కాదంటరా?"

"ఎవరూ కాదనలేరు."

పట్వారి గొడుగు అందుకుని గుమ్మం దాకా వెళ్లాడు.

"అయితే నాకు పింఛను వద్దు సారూ."

మత్తయ్యకు అర్థం కాలేదు. పట్వారి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎంకమ్మ వేలు పింఛన్ల బీరువా దాటి, దాని పక్కనున్న భూముల బీరువాను చూపించింది.

"సచ్చిండని పట్వారి రాసిస్తెనే చేను సంగతి సూస్తమని మీ కచేరోళ్లే అన్నరు. రాసిచ్చిండు గద, ఇగ గా బీరువ తియ్యి. నా కొడుకు సచ్చిన ఏడేండ్లకు గుంతలకెల్లి లేచొచ్చి, మా చేను గీ పట్వారికి అమ్మినట్టు వేలిముద్ర ఏసిన కాయితం అండ్లనే ఉన్నది."